ఫొటో కింద మాట

గెంట్‌లో ఆ వారమంతా వాన.
ట్రామ్ సీటు మీద ఎవరో మడిచి వదిలేసిన పేపరు,
నాలుగో పేజీ అడుగున
మా తాత సాసోన్ కుట్టుమిషన్ల కొట్టు.
షట్టరు సగానికి వంగి వేలాడుతోంది.
కింద సన్నటి అక్షరాలు:
"రాకెట్ దాడి. ఆక్రమణదారు ఒకరు మృతి."

ఒకరు.
ఆ మాట మీద వేలు పెట్టాను, సిరా అంటుకుంది.
నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

మా తాత ఆక్రమించాడా?
బస్రాలో పుట్టాడు.
ఎనిమిదేళ్ళప్పుడు ఒక పెట్టె, ఒక సంతకం,
ఇక తిరిగి రామని వాళ్ళ నాన్న చేత పెట్టించిన సంతకం.
విమానం దిగగానే నెత్తిన పురుగుమందు చల్లారు.
నాలుగేళ్ళు గుడారంలో,
వానొస్తే పరుపు తలమీదకెత్తుకుని నిలబడే పిల్లాడు.
ఆనక ఆయన ఆక్రమించినదల్లా
స్దెరోత్‌లో పన్నెండడుగుల కొట్టు,
అమ్మమ్మ మంచంలో ఎడమవైపు సగం.

అక్కడున్నప్పుడు "ఒరే యూదుడా" అన్నారు.
ఇక్కడికొస్తే, యాస విని, "ఒరే అరబ్బూ" అన్నారు.
మూడో పేరు పేపరువాళ్ళు పెట్టారు.
ఏ పేరూ ఆయన్నడిగి పెట్టింది కాదు.

పేపరాఫీసుకి ఫోన్ చేశాను.
లీవెన్ అట, మెత్తటి గొంతు.
సానుభూతి ఉందన్నాడు.
కానీ అది అందరూ వాడుతున్న మాటేనన్నాడు.
"కుట్టుమిషన్లు బాగుచేసే ముసలాయన" అని వేయొచ్చుగా అన్నాను.
కాసేపు నిశ్శబ్దం, లెక్కపెట్టుకున్నట్టున్నాడు.
కాలమ్‌లో పట్టదన్నాడు.

కుక్కని చంపాలంటే ముందు పిచ్చిదనాలంటారు.
ఇప్పుడు వరస తిరగబడింది.
చంపడం ఒకచోట అయిపోతుంది,
పేరు పెట్టడం ఇంకెక్కడో,
చదివేవాళ్ళ కాఫీ చేదెక్కకుండా.

మా వీధి చివర పుస్తకాలు బైండు చేసే ఫైవెల్ గారు
ఇజ్రాయెల్ ఎన్నడూ చూడలేదు.
సముద్రమంటే పడదు, విమానమంటే భయం.
ఆయన తలుపు మీదా అదే మాట, ఎర్ర పెయింటుతో.
దాన్ని రుద్దుతూ నాతో అన్నాడు:
"అక్షరాలు చక్కగా రాశాడమ్మా, చేయి తిరిగినవాడే."

ఆ సాయంత్రం రిహార్సల్లో
నా చెల్లోకి రోజూ రాజనం అప్పిచ్చే పిల్ల
కుర్చీ అరడుగు పక్కకి జరుపుకుంది.
అరడుగే.
కళ్ళతో కొలిచాను కాబట్టి చెప్తున్నాను.

కోపం వస్తుంది.
నా నోటికీ ఒక మాట వస్తుంది,
వాళ్ళందరికీ కలిపి సరిపోయే మాట.
అప్పుడు తాత గుర్తొస్తాడు.
మా ఊరి టీవీలో ఒకడు
కంచె అవతలివాళ్ళందర్నీ ఒకే జంతువు పేరుతో పిలిస్తే
రిమోట్ కోసం సోఫా కింద దేవులాడేవాడు.
"రొట్టె ముందు ఆ మాట వద్దు."
అంతే అనేవాడు, ఉపన్యాసం ఇచ్చేవాడు కాదు.

ప్రతి మిషనుకీ చీటీ కట్టేవాడు తాత.
కంపెనీ పేరు రాసేవాడు కాదు.
మనిషి పేరు, పక్కన మిషను జబ్బు.
"తిర్జా: దారం తెగుతోంది."
"మెసెరెత్: పెడలు కీచుమంటోంది, అత్తగారు నిద్రపోవడం లేదు."

నిన్న రాత్రి అమ్మ ఫోన్ చేసింది.
గాజుపెంకులు ఊడ్చారట, మిషన్లు ఎవరివి వాళ్ళకి ఇస్తున్నారట.
చీటీలు ఒక్కొక్కటీ చదివి వినిపించింది.
చివరి అరలో, గుడ్డ కప్పి, ఒకటి మిగిలిందంది.
దారులు మూయకముందు గాజా నుంచి ఒక దర్జీ తెచ్చి ఇచ్చినది.
ఏడాదికోసారి దానికి నూనె వేసేవాడట, మాకెవరికీ తెలీదు.
చీటీ పసుపెక్కిపోయింది.
చదువు అన్నాను.
అమ్మకి అరబ్బీ రాదు.
కూడబలుక్కుని కూడబలుక్కుని చదివింది:

"అబూ ఫౌజీ. సిద్ధంగా ఉంది."